పది రోజుల్లో మూడు హిమాలయ ప్రాంతాలా? ముందు ఈ లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులో దసరా సెలవులో దగ్గరపడితే చాలు, హిమాలయ యాత్రల ప్రకటనలు వరస కడతాయి. "నేపాల్, భూటాన్, టిబెట్ – పది రోజులు" అన్నది వాటిలో తరచు కనిపించే మాట. ఇలాంటి యాత్రలకు ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ పదిని కాస్త విడదీసి చూపిస్తాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పోతాయి. టిబెట్ చైనా పాలనలో ఉంది కాబట్టి, అక్కడికి చైనా ఇచ్చే గ్రూప్ వీసా కోసం నేపాల్ రాజధాని ఖాట్మండులో పాస్‌పోర్ట్ ఇచ్చాక మూడు నాలుగు పనిదినాలు ఆగాలి. టిబెట్ రాజధాని లాసాలో నాలుగు రాత్రులకు తగ్గితే ఒంటికి మంచిది కాదు. ఇక భూటాన్‌కి మిగిలేది గుండు సున్నా, మహా అయితే ఒక రోజు. ఆ ఒక్క రోజునే బ్రోచర్‌లో తక్త్‌సాంగ్ మఠం బొమ్మ వేసి అమ్ముతున్నారు.

యాత్రలు బెడిసికొట్టేది ఎక్కువగా గుర్తింపు కార్డు దగ్గరే. నేపాల్, భూటాన్‌లకు మనకు వీసా అక్కర్లేదు. అయితే విమానంలో వెళ్లే పెద్దవాళ్ల దగ్గర పాస్‌పోర్ట్ గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చెల్లదు. 65 ఏళ్లు దాటినవాళ్లకూ 15 లోపు పిల్లలకూ ఆధార్ చాలని మన కేంద్రం 2019లో సడలించిన మాట నిజమే. కానీ భూటాన్ ప్రవేశ పర్మిట్ కౌంటర్‌లో ఆధార్ పనికిరాదనే అనుకుని బయల్దేరండి. పిల్లలకు పాస్‌పోర్ట్ లేకపోతే జనన ధ్రువపత్రం అసలుదే పట్టుకెళ్లండి.

దీనికి తోడు మన ఇంటిపేర్ల గొడవ ఒకటి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టికెట్ మీద ఒక్క పొడి అక్షరం, ఓటరు కార్డులో అదీ ఉండదు. దేశం లోపల ఎవరూ పట్టించుకోని ఈ తేడా టిబెట్ పర్మిట్‌లో పెద్ద తప్పయి కూర్చుంటుంది. టికెట్లు, పర్మిట్లు, హోటళ్లు అన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే, అదే వరసలో బుక్ చేయించండి. పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఇక డబ్బు. భూటాన్‌లో మనవాళ్లకు తలకు రాత్రికి 1,200 రూపాయలు సుస్థిర అభివృద్ధి రుసుము ఉంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అందులో సగం, ఐదేళ్లూ ఆలోపు వాళ్లకు లేదు. ఇద్దరు పెద్దవాళ్లు, పదేళ్ల పిల్ల, నాలుగేళ్ల పిల్లాడు నాలుగు రాత్రులుంటే 12,000. హోటలూ భోజనమూ కాక ఇది. ప్రకటనలో "అన్నీ కలిపి" అని ఉన్నా, ఈ రుసుము కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇతర దేశాల పౌరసత్వం ఉన్నవాళ్లకు ఇదే రుసుము రాత్రికి 100 డాలర్లు. అమెరికా నుంచి వచ్చిన కొడుకూ కోడలూ అమ్మానాన్నలతో కలిసి వెళ్లేటప్పుడు లెక్క తలకిందులయ్యేది ఇక్కడే.

నేపాల్‌లో వంద మన రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. ఈ మారకం 1993 నుంచి మారలేదు. కొట్టువాడు "అయిదు వందలు" అంటే "ఐసీయా, ఎన్సీయా?" అని అడగండి. ఐసీ అంటే మన డబ్బు, ఎన్సీ అంటే వాళ్లది. ఎన్సీ అయితే మీరిచ్చేది 312 రూపాయల 50 పైసలే. వంద నోట్లు ఉంటే ఏ తగువూ లేదు, పెద్ద నోట్ల నిబంధనలు మాత్రం మారుతూ వస్తున్నాయి. భూటాన్‌లో మన రూపాయీ వాళ్ల గుల్ట్రమూ సమానమే గానీ, మిగిలిన గుల్ట్రం నోట్లు ఇక్కడ చెల్లవు. అక్కడే ఖర్చు పెట్టి రండి.

అసలు సంగతి ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, అలవాటు పడని ఒంటికి ఎత్తు జబ్బు చేస్తుంది. మూడు చోట్లనూ ఏ వరసలో చూడాలన్నది విమానం చార్జీని బట్టి కాదు, ఒంటిని బట్టి తేల్చుకోవాలి. ఖాట్మండు సుమారు 1,400 మీటర్లు, భూటాన్‌లోని పారో, థింపూ 2,300 దాకా, లాసా 3,650. ఖాట్మండులో విమానం ఎక్కితే గంటన్నరలో లాసా ఎత్తున దిగుతారు. అందుకే ముందు భూటాన్ చూడమంటాం. పారోలో దిగి, థింపూలో ఒకటి రెండు రాత్రులుండి, 3,100 మీటర్ల దోచులా కనుమ దాటి, కిందనున్న పునాఖా వెళ్లి, తిరిగి పారో వచ్చాక చివరి రోజున తక్త్‌సాంగ్ ఎక్కండి. మఠం 3,120 మీటర్ల ఎత్తున ఉంది. పారో లోయ నుంచి 900 మీటర్లు ఎక్కాలి. మామూలు నడకవాళ్లకు పైకి రెండు మూడు గంటలు. గుర్రాలు సగం దారిలోని ఫలహారశాల దాకానే వస్తాయి. ఆ తర్వాత దిగే మెట్లు, మళ్లీ ఎక్కే మెట్లు మోకాళ్లను పరీక్షిస్తాయి. ఫోను, సంచి బయట లాకర్‌లో పెట్టాల్సిందే. చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పే బట్టలు కావాలి. 1692లో కట్టిన ఈ మఠం 1998లో కాలిపోయింది, మళ్లీ కట్టి 2005లో తెరిచారు. పారోలో విమానం దిగిన మర్నాడే తక్త్‌సాంగ్ ఎక్కించే ప్యాకేజీని నమ్మకండి.

పునాఖా కోట వదులుకోకండి. ఫో ఛూ (తండ్రి నది), మో ఛూ (తల్లి నది) కలిసే చోట 1637–38లో, భూటాన్‌ను ఏకం చేసిన షబ్‌డ్రుంగ్ న్గవాంగ్ నమ్‌గ్యాల్ కట్టించినది. 1994లో పైనున్న హిమానీ సరస్సు తెగి వరద ఈ కోటనూ తాకింది. మీ పర్మిట్‌లో పునాఖా పేరు ఉందో లేదో థింపూ దాటకముందే చూసుకోండి. భూటాన్‌లో తిండికి మనవాళ్లకు ఇబ్బంది లేదు. ఎమ దత్సి అంటే మిరపకాయల్నే కూరగా చేసి జున్నులో ఉడికించినది. గుంటూరు నాలుకలు కూడా జాగ్రత్తగా మొదలెట్టాలి.

పారో నుంచి ఖాట్మండు వచ్చే విమానంలో కుడి కిటికీ, అటు నుంచి ఇటైతే ఎడమ కిటికీ అడగండి. మంచు శిఖరాలన్నీ ఉత్తరానే. పారోలో పగటిపూట, కంటికి లోయ కనబడితేనే విమానం దిగుతుంది కాబట్టి వర్షాకాలంలో ఆలస్యాలు మామూలే. అదే రోజు ఖాట్మండు నుంచి ఇంకో విమానం పట్టుకునేలా టికెట్ కొనకండి.

ఖాట్మండు లోయకు ప్రకటనల్లో ఒక్క పూట ఇస్తారు. మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 1979లో యునెస్కో గుర్తించిన ఏడు చోట్లు ఈ ఒక్క లోయలోనే ఉన్నాయి: ఖాట్మండు, పాటన్, భక్తపూర్‌లలోని మూడు దర్బారు చౌకులు, స్వయంభూ, బౌద్ధనాథ్ స్తూపాలు, పశుపతినాథ్, చంగు నారాయణ్ ఆలయాలు. చివరిది ఏ ప్యాకేజీలోనూ కనిపించదు. భక్తపూర్ పక్కనే గుట్ట మీద ఉంది. లిచ్ఛవి రాజు మానదేవుడు 464లో వేయించిన సంస్కృత శాసనం అక్కడ స్తంభం మీద ఉంది. మోకరిల్లిన గరుత్మంతుడు, త్రివిక్రముడు, విశ్వరూపం శిల్పాలు చూస్తే మన వైష్ణవాలయాలకు వెళ్లేవాళ్లకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. భక్తపూర్‌లో 1702 నాటి ఐదంతస్తుల న్యాతపోల గుడి 1934 భూకంపానికీ, 2015 ఏప్రిల్ 25 భూకంపానికీ కూడా నిలిచింది. అదే 2015లో ఖాట్మండులో కాష్ఠమండపం నేలమట్టమైంది. ఇప్పుడు మీరు చూసేది మళ్లీ కట్టినది. గైడ్ చెప్పకపోతే అడగండి.

పశుపతినాథ్ గుడి లోపలికి తోలు బెల్టు, పర్సు తీసుకెళ్లనివ్వరు, ఫొటోలు తీయనివ్వరు. బాగ్మతి ఒడ్డున కాలుతున్న చితులను అవతలి గట్టు నుంచి ఫోన్‌లో పట్టుకోవడం కూడా మానుకుంటే మంచిది, అక్కడున్నది ఎవరో ఒకరి ఇంటి దుఃఖం. మోమోలు కొనేటప్పుడు "బఫ్" అని రాసి ఉంటే అది గేదె మాంసం.

బౌద్ధనాథ్ స్తూపం దగ్గరకు తెల్లవారుజామునో దీపాలు పెట్టే వేళో వెళ్లండి. జనం ప్రదక్షిణ చేసేది అప్పుడే. మన గుళ్లలోలాగే కుడివైపుగా తిరగాలి. చేత పట్టుకునే ప్రార్థన చక్రాలూ అటే తిప్పాలి. అండం అనే గుండ్రటి దిబ్బ మీద హర్మిక అనే చదరపు కట్టడం, దాని నాలుగు ముఖాల మీద బుద్ధుడి కళ్లు. వాటి మధ్య ముక్కులా వంకర తిరిగి ఉన్నది ముక్కు కాదు, దేవనాగరి ఒకటి అంకె. పైన పదమూడు మెట్లు. 2015లో పైభాగం దెబ్బతింటే మరుసటి ఏడు నవంబరుకల్లా బాగుచేసి తెరిచారు. బయల్దేరే ముందు అమరావతి మ్యూజియంలో పలకల మీద చెక్కిన స్తూపాలు చూసి వెళ్తే అండం, హర్మిక, ఛత్రం అన్నీ ఇక్కడ ఇట్టే గుర్తుపడతారు. మనవాటికి నాలుగు దిక్కులా వరసగా నిలిపిన ఆయక స్తంభాలు ఇక్కడ లేవు, వీటికి ఉన్న కళ్లు మనవాటికి లేవు.

ఈ చుట్టరికం లాసా దాకా పోతుంది. ఊరి శివార్లలో 1416లో పుట్టిన డ్రెపుంగ్ మఠం పేరుకు "బియ్యపు రాశి" అని అర్థం. అది అమరావతి దగ్గరి మన ధాన్యకటకం పేరుకు టిబెటన్ అనువాదం. బుద్ధుడు కాలచక్ర తంత్రమనే ఉపదేశం చెప్పింది ధాన్యకటకంలోనే అన్నది టిబెటన్ల సంప్రదాయం. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష జరిపింది కూడా అందుకే. అయితే ఆ ఫొటోలు ఫోన్‌లో ఉంటే టిబెట్ సరిహద్దుకు ముందే తీసెయ్యండి. దలైలామా బొమ్మలు, పుస్తకాలు అక్కడ నిషేధం. రాజకీయాల గురించి గైడ్‌ను అడగకండి, చిక్కు మీకు కాదు, అతనికి.

టిబెట్‌కు ఒంటరిగా పోనివ్వరు. గుర్తింపు ఉన్న సంస్థ ద్వారా పర్మిట్, వెంట గైడ్ తప్పనిసరి. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి అంతా సాధారణంగా విదేశీయులకు మూసేస్తారు. ఖాట్మండులో ఇచ్చే గ్రూప్ వీసా పాస్‌పోర్ట్‌లో ముద్ర కాదు, అందరి పేర్లూ ఉన్న విడి కాగితం. దాని మీద అందరూ కలిసి వెళ్లాలి, కలిసి రావాలి. ఒకరికి ఒంట్లో బాగోలేక ముందే తిరిగి రావాలంటే ఆ కాగితమే అడ్డం. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడం. ఆ దిగడమే ఇక్కడ అంత తేలిక కాదు. అందుకే లాసాలో మొదటి రెండు రోజులు తొందరపడకూడదు.

మొదటి రోజు గదిలో విశ్రాంతి, మద్యం ముట్టకూడదు, వేడినీళ్ల స్నానం మర్నాటికి వాయిదా. రెండో రోజు చదునుగా ఉండే జోఖాంగ్ గుడి, చుట్టూ బార్ఖోర్ వీధి. 1645లో మొదలుపెట్టి కట్టిన పోతలా ప్రాసాదం మూడో రోజున. ఎక్కడమే ఎక్కడం, లోపల గంట సమయమే ఇస్తారు. నీళ్ల సీసా తనిఖీ దగ్గరే తీసేసుకుంటారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కన్నా పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. నేరుగా లాసాలో దిగేవాళ్లకు ఈ సూత్రం మొదటి రోజే తప్పుతుంది కాబట్టి ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ గురించి డాక్టరుతో ముందే మాట్లాడండి. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచే ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లకండి. నేల మీద గీత గీసి ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ నడవమనండి. తాగినవాడిలా తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా అది ప్రాణాంతకం, వెంటనే ఆక్సిజన్ పెట్టి కిందికి దింపాలి. చేతిలో పట్టుకునే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట, అంతే.

ఇన్ని రోజులు సెలవు దొరకనివాళ్లు టిబెట్ వదిలేసి నేపాల్‌లోని ముక్తినాథ్ పెట్టుకోండి. 108 దివ్యదేశాల్లో ఒకటి, బౌద్ధులకూ పుణ్యస్థలమే. పోఖరా నుంచి పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చెయ్యడం పెద్దవాళ్ల చేత చేయించకండి. 800 మీటర్ల నుంచి 3,700 దాటి ఎక్కించడం అది. 2,700 మీటర్ల జొమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగండి. ఆ ఊరున్న కాళీగండకి లోయలో పొద్దెక్కితే గాలి విజృంభిస్తుంది, విమానాలన్నీ ఉదయమే. తిరుగు టికెట్‌కు ఒక రోజు ఎడం ఉంచుకోండి. 108 ధారల కింద నీళ్లు మంచులా ఉంటాయి. గుండె జబ్బున్నవాళ్లు తల మీద చల్లుకుని నమస్కరిస్తే చాలు.

పత్రికకు మా విన్నపం ఒక్కటే. యాత్ర ప్రకటన తీసుకునేటప్పుడు మూడు వివరాలు ముద్రించమని అడగండి: ఏ రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తున పడుకుంటారు, భూటాన్ రుసుము ధరలో ఉందా లేదా, పాస్‌పోర్ట్ ఎన్ని పనిదినాలు వీసాకు వెళ్తుంది. రెండు లైన్లలో పట్టే సమాచారమే.

— హిమాలయ యాత్రల ఏర్పాట్లు చూసే కొందరం, హైదరాబాద్