పుక్కిలిస్తే చిగుళ్ల జబ్బు పోదు

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లో ఏ మెడికల్ షాపుకైనా వెళ్లి, బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందండీ అని చెప్పి చూడండి, చాలా చోట్ల మారుమాట లేకుండా మౌత్‌వాష్ సీసా చేతిలో పెట్టేస్తారు.

మౌత్‌వాష్ దండగ అని నేననను. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందు ఉన్న రకం పాచి పట్టకుండా బాగానే ఆపుతుంది, చిగుళ్ల వాపు మొదటి దశలో ఉంటే బ్రషింగ్‌కి తోడుగా పనికొస్తుంది. కానీ పాచి గట్టిపడి గార అయిపోయి, చిగురుకీ పంటికీ మధ్య సందు లోతుగా పడ్డాక ఎంతసేపు పుక్కిలించినా ఆ మందు అడుగుదాకా దిగదు, గారని కరిగించదు కూడా, దాన్ని డెంటిస్టు స్కేలింగ్ చేసి తీయాల్సిందే. పైగా (ఇది అమ్మేవాళ్లు చెప్పరు) వారాల తరబడి వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, తిండి రుచి మారుతుంది.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మన ఇళ్లల్లో ఒక భయం. నిజానికి వదులు చేసేది పంటి చుట్టూ ఎముకను తినేసే ఆ చిగుళ్ల జబ్బే. షుగర్ ఉన్నవాళ్లకు అది ఇంకా తొందరగా ముదురుతుంది, ముదిరితే షుగర్‌ని అదుపులో పెట్టడం కూడా కష్టమవుతుంది. ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది.

మౌత్‌వాష్ ప్రకటనలు వేసే పత్రికలు ఈ సంగతి కూడా ఆరోగ్యం పేజీలో ఒకసారి వేస్తే బాగుంటుంది.

ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్