ఎర్నీ మోచెయ్యి

సెయింట్ లూయిస్,
ఆదివారం

చిన్నీ,

మొన్న ఫోన్లో "నన్ను అవతలి టీమ్‌కి ఇచ్చేసి, వాళ్ళ మనిషిని ఇక్కడికి తెచ్చుకున్నారు నాన్నా, ఒక్క మాట అడగలేదు" అన్నావు. నేనేమో వెంటనే "అంతా మన మంచికేలే, బేస్‌బాల్ ఆటగాడు లూ బ్రాక్‌ని చూడు" అనేశాను. నువ్వు "సరే నాన్నా" అని పెట్టేశావు. ఆ "సరే" నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. తెలుగులో రాస్తే కూడబలుక్కుంటూ చదువుతావు, అలాగైనా నెమ్మదిగా చదువుతావని.

బ్రాక్ కథ నీకు సగమే చెప్పేవాణ్ణి. 1964 జూన్ 15, అప్పట్లో ట్రేడ్‌లకు, అంటే జట్లు ఆటగాళ్ళని మార్చుకోవడానికి, అదే గడువు. మీ షికాగో కబ్స్‌లో బ్రాక్‌కి 25 నిండటానికి ఇంకా మూడు రోజులు. బ్యాటింగ్ సగటు 0.251, అంతంతమాత్రం. మన సెయింట్ లూయిస్ కార్డినల్స్ దగ్గర బంతి విసిరే పిచర్ ఎర్నీ బ్రోలియో, అంతకుముందు ఏడాదే 18 మ్యాచ్‌లు గెలిచినవాడు. ఇటునుంచి ముగ్గురు, అటునుంచి ముగ్గురు మారారు; బ్రాక్ మనకి, బ్రోలియో వాళ్ళకి. షికాగో వాళ్ళు పండగ చేసుకున్నారు. ఇక్కడ మన ఆటగాళ్ళే మొహాలు మాడ్చుకున్నారట.

తర్వాతది నీకు తెలుసు. మేనేజర్ జానీ కీన్ బ్రాక్‌ని స్వేచ్ఛగా పరుగెత్తనిచ్చాడు. మిగిలిన సీజనంతా సగటు 0.348, 33 స్టీల్స్, అంటే అవతలివాళ్ళ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం. సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియా వాళ్ళు 12 ఆటలు మిగిలుండగా పట్టికలో ఆరున్నర గేముల ముందున్నారు. అక్కణ్ణుంచి వరసగా పది ఓడారు! మనవాళ్ళూ ఊరికే గెలవలేదులే, ఆఖర్న అట్టడుగు మెట్స్ చేతిలో రెండు ఓడి, చివరి రోజు గట్టెక్కారు. ఆఖరి పోరు వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ మీద ఏడో ఆటని మన పిచర్ బాబ్ గిబ్సన్ రెండు రోజుల విశ్రాంతితోనే వచ్చి చివరిదాకా బంతులు వేసి గెలిపించాడు. ఈ గెలుపులు రాకముందే, ఆ ట్రేడ్ కుదిర్చిన జనరల్ మేనేజర్ బింగ్ డివైన్‌ని ఆగస్టులోనే పంపించేశారు. ఆఫీసులు అప్పుడూ అంతే.

మరి బ్రోలియో? నేనెప్పుడూ చెప్పని సగం అది. కబ్స్‌లో ఆ ఏడాది 4 గెలిచి 7 ఓడాడు. సీజన్ అయ్యాక మోచేతికి ఆపరేషన్. షికాగోలో మొత్తం 7 గెలుపులు, 19 ఓటములు, అంతటితో ఆట ముగిసింది. 1960లో 21 మ్యాచ్‌లు గెలిచిన మనిషిని జనం "బ్రాక్ కోసం ఇచ్చినవాడు" అనే గుర్తుపెట్టుకున్నారు. నేనూ అంతే. నొప్పి ఉన్న చెయ్యి ఎవరిదో ఆలోచించలేదు.

ఆ 1964 కార్డినల్స్ జట్టులోనే సెంటర్ ఫీల్డ్‌లో కర్ట్ ఫ్లడ్ ఉండేవాడు. ఇక్కడ 12 సీజన్లు ఆడాక, 1969 అక్టోబర్‌లో అతన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. అతను వెళ్ళనన్నాడు. నా ఇష్టంతో పని లేకుండా కొని అమ్మడానికి నేను ఆస్తిని కాదని బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు, ఆటా పోగొట్టుకున్నాడు. కానీ ఆ మరుసటి ఏడాదే ఒక నియమం వచ్చింది: పదేళ్ళు ఆడి, అందులో చివరి అయిదూ ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అడక్కుండా పంపకూడదు.

నన్నూ మూడు ఊళ్ళు మార్చారమ్మా. మీ అమ్మ ప్రతిసారీ వంటగిన్నెలకి కాగితాలు చుట్టింది. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. నేనూ ఎందుకని అడగలేదు. అందుకే కాబోలు నీకూ ఆ మంచికేలే అన్న మాటే చెప్పాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నా. నువ్వు అడగాలనుకుంటే అడుగు. వద్దనుకుంటే అదీ నీ ఇష్టమే.

అన్నట్టు, పోయిన నెల కుడి మణికట్టు లాగుతోందన్నావు. డాక్టర్‌కి చూపించావా, లేదా?

నాన్న