రెండో మాట దాకా కూర్చో

జడ్చర్ల,
ఆదివారం రాత్రి

దోస్త్,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్‌లో అయితే సగం మాటలు మింగేస్తాం మనం. అందుకే మందుల షాపు షట్టర్ దించి కాగితం తీశాను. అమ్మ బాగుంది, మోకాళ్ల నొప్పి ఒక్కటే. చెల్లెను, పిల్లలను అడిగానని చెప్పు.

హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెప్పడానికి పోతున్నావని చదివి కడుపు నిండింది రా. ఒక తల్లి బిడ్డను నీ దగ్గర దింపి గుడిసె గోడకు ఆనుకుని ఊరికే కూర్చుంటుందని, ఏమడిగినా 'ఠీక్ హూఁ' అంటుందని రాశావు. తలనొప్పి, నడుం నొప్పి అంటే దవాఖానకు పంపించావు, నొప్పి గోలీలు ఇచ్చి పంపారు, మళ్లీ అదే నొప్పి. "అక్కడ ఏం జరిగిందో అడగమంటావా?" అన్నావు.

అడగకు రా. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇంత ఉత్తరం.

మా నాయిన సంగతి నీకు కొంతే తెలుసు. కోస్గి పక్కన మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలుండేవి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని జనం బొంబాయి పోయేవాళ్లు. నాయినా పోయాడు, బిల్డింగ్ పనికి. అమ్మకు చదువు రాదు. ఇన్‌లాండ్ కవరు తెచ్చి నా ముందు పెట్టి, "రాయి బిడ్డా, ఇక్కడ అందరం క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాం" అని మొదలుపెట్టించేది. ఆ ఏడు మా ఎద్దు చచ్చిపోయింది, చెల్లికి టైఫాయిడ్ వచ్చింది. అవేవీ రాయనియ్యలేదు. "అంత దూరంలో ఉన్నోడు తెలిసి ఏం చేస్తడు? రంధి పెట్టుకుంటడు" అనేది. నాయిన జవాబు కూడా అంతే, "ఇక్కడ నేను క్షేమం." రెండు నెలలకు కుంటుకుంటూ బస్సు దిగాడు. పరంజా మీది నుంచి పడ్డాడట. కాలికి కట్టు కట్టుకుని కూడా మాకు క్షేమమనే రాయించాడు.

అమ్మ ఏమీ అడగలేదు. నీళ్లు కాచింది, రొట్టె చేసింది, కాలికి నూనె రాసింది. మూడో రాత్రి వాకిట్లో మంచం మీద పడుకుని నాయినే మొదలుపెట్టాడు. పక్కన పనిచేసే మనిషి తన కళ్లముందే పోయాడని అప్పుడు తెలిసింది మాకు.

ఇప్పుడు నా షాపు ముందు అదే చూస్తున్నాను. మన పాలమూరు వాళ్లు ఒకప్పుడు పోయినట్టే బీహార్, ఒడిశా, జార్ఖండ్ పిల్లలు పోలేపల్లి కంపెనీల్లో పనికి మన దగ్గరికి వస్తున్నారు. షిఫ్ట్ దిగాక రాత్రి తొమ్మిదింటికి వచ్చి గ్యాస్ గోలీ, తలనొప్పి గోలీ, ఒళ్లు నొప్పుల గోలీ అడుగుతారు. మనసు బాగాలేదని ఒక్కడూ చెప్పడు. ఒకతను వరసగా మూడు రాత్రులు 'నీంద్ కీ గోలీ', అంటే నిద్ర గోలీ, కావాలన్నాడు. చీటీ లేకుండా ఇవ్వనని రెండుసార్లు పంపేశాను. మూడోసారి అతని నుదురు చూశాను. కంపెనీలో పెట్టుకునే టోపీ ఎలాస్టిక్ నొక్కుకుని ఎర్రటి గీత పడింది, దాని కింద కళ్లు లోపలికి పోయాయి. చాయ్ తెప్పించి బెంచీ మీద కూర్చోబెట్టాను. "సబ్ ఠీక్" అన్నాడు. నేను గల్లా లెక్క పెట్టుకుంటూ ఉన్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక రెండో మాట వచ్చింది. "మా పోయీ" అన్నాడు, తెలుగులో. అమ్మ పోయింది. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాడట. కాంట్రాక్టర్ రెండు నెలల జీతం ఆపాడు, చేతిలో ఛార్జీలకు లేవు. రేకుల గదిలో ఎనిమిది మంది, రెండు షిఫ్టులు. ఒకడు లేస్తే ఒకడు అదే చాప మీద పడుకోవాలి.

నిద్ర ఎట్లా పడుతుంది చెప్పు?

ఆ రాత్రే 14416కి ఫోన్ కలిపాం. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన నంబరు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, భాష మనమే ఎంచుకోవచ్చు. హిందీ నొక్కి ఫోన్ అతని చేతికిచ్చి నేను లోపలికి పోయాను. తర్వాత జిల్లా దవాఖానలో మానసిక డాక్టరు దగ్గరికి తోడు పోయాను. జీతం సంగతి కార్మిక శాఖలో రాయించాం. నిజం చెప్పనా, ఆ కాగితం రాసిన రోజే అతను మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

అందుకే అంటున్నా, ఆ తల్లి రంధి అంతా మయన్మార్‌లో వాళ్ల ప్రాంతం రఖైన్‌లో జరిగినదాని గురించే అనుకోకు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, వాళ్ల కోసం ప్రత్యేక చట్టం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. ఆధార్ లేకుండా బ్యాంకులో, బడిలో ఎన్ని తిప్పలో నువ్వే చూస్తున్నావు. నిన్నటి భయం ఒకటి, రేపటి టెన్షన్ ఇంకొకటి. ఒక్కోసారి రెండోదే పెద్దది. బిడ్డను బడిలో చేర్పించడానికి ఆమెతో కలిసి నడువు, అది కూడా వైద్యమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇలాంటి పనికి ఒక గైడు తెచ్చింది. దాని సారం మూడే మాటలు: చూడు, విను, కలుపు. జరిగింది చెప్పమని బలవంతపెట్టొద్దని అందులోనే ఉంది. యుద్ధాలు నడిచిన చోట ఐదుగురిలో ఒకరికి మానసిక జబ్బు ఉంటుందని వాళ్ల లెక్క. ఆ ఒకరిని డాక్టరు దగ్గరికి చేర్చాలి. తిండి మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా ఒక్కరోజు ఆగకు. మిగతా నలుగురికి కావలసింది పక్కన మనిషి, చేతికి పని, రేపటి మీద కొంచెం ధీమా.

ఇంకొకటి, గట్టిగా చెబుతున్నా. డాక్టరు దగ్గర ఆ బిడ్డతో తల్లి మాటలు తర్జుమా చేయించకు. తొమ్మిదేళ్ల పిల్ల తల్లి బాధను ఉర్దూలోకి తిప్పి చెప్పాలంటే అదెంత బరువు! భర్త ముందు కూడా ఆమె అన్నీ చెప్పలేదు. ఆ బస్తీలోనే వాళ్ల భాష, ఉర్దూ రెండూ వచ్చిన పెద్ద వయసు ఆడమనిషి ఎవరైనా ఉంటారు, వెతుకు. నేను మా అమ్మ ఉత్తరాలు రాసినవాణ్ణి, నాకు తెలుసు. పిల్లల చేతికి వచ్చే మాట ఎప్పుడూ క్షేమమే.

వచ్చే ఆదివారం షాపు తమ్ముడికి అప్పజెప్పి అమ్మను తీసుకొస్తున్నా. ఆమెకు ఉర్దూ నాలుగు ముక్కలే వస్తుంది, కానీ కూర్చోవడం వచ్చు. జొన్నరొట్టెలు, పుంటికూర పట్టుకొస్తుంది. పది గంటలకు ఆరాంఘర్ దగ్గర దిగుతాం. నువ్వు బండి కాకుండా ఆటో మాట్లాడుకుని రా, అమ్మ మోకాళ్లు తెలుసు కదా.

నీ
దోస్త్