ప్లేస్కూళ్లలో హెచ్ఎఫ్ఎండీ వస్తే దాచొద్దు, తల్లిదండ్రులకి చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలయ్యాక మా విజయవాడలో ఏ పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లినా అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి పొక్కులు, నోట్లో పుండ్లతో ముద్ద మింగలేక ఏడ్చే చంటిపిల్లలు కనిపిస్తున్నారు. హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ డిసీజ్, డాక్టర్లు హెచ్ఎఫ్ఎండీ అంటారు. మా పాప వెళ్లే ప్లేస్కూల్లో పక్క సెక్షన్ పిల్లలకి ఇది వచ్చిందని స్కూల్ వాళ్లు చెప్పలేదు, ఆయమ్మ నోరు జారితే తెలిసింది, వెళ్లి అడిగితే పేరెంట్స్ కంగారు పడతారని చెప్పలేదండీ అన్నారు. కంగారు పడకుండా ఉండాలంటే ముందు విషయం తెలియాలి కదండీ!

వైరస్ ఒంట్లోకి వెళ్లిన 3 నుంచి 6 రోజులకి జ్వరం, తర్వాత పొక్కులు వస్తాయి. అంటే ఒక పిల్లాడికి బయటపడేసరికి పక్కన ఆడుకున్నవాళ్లలో కొందరికి ఇప్పటికే అంటుకుని ఉంటుంది, ఆ రోజే ఒక్క మెసేజ్ పెడితే మిగతా తల్లులు జ్వరం రాగానే పిల్లని ఇంట్లో ఆపేస్తారు. చెప్పకపోతే జ్వరం సిరప్ పోసి పంపేస్తారు, ఉద్యోగాలు చేసే తల్లుల్ని తప్పు పట్టడానికి లేదు, వాళ్లకి తెలిస్తే కదా. చాలామంది ఆటలమ్మ అనుకుని స్నానం మానేసి వేపాకులు కడుతున్నారు, కొందరు ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ వేస్తున్నారు, వైరస్ మీద అది పనిచెయ్యదు.

మా చెల్లి సింగపూర్లో ఉంటుంది. 2000లో అక్కడ ఈ జబ్బు పెద్దగా వచ్చి పిల్లలు చనిపోయాక డాక్టర్లు, ప్రీస్కూళ్లు కేసులు ప్రభుత్వానికి తప్పనిసరిగా చెప్పాలని రూల్ పెట్టారు. పొద్దున గేటు దగ్గరే టీచర్ పిల్లల నోరు, అరచేతులు చూసి లోపలికి పంపడం అక్కడ అలవాటు. ఎక్కువ రోజులు వ్యాపిస్తున్న ప్రీస్కూళ్ల పేర్లు ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లు. ఇక్కడేమో పేరు పోతుందని దాస్తారు.

ఎక్కువమందికి ఇది వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, ఆ మాట నిజమే. కానీ ఇది ఒకే వైరస్ కాదు. కాక్సాకీ ఎ16, ఎ6, ఎ10, ఎంటెరోవైరస్ 71, ఇలా చాలా ఉన్నాయి, అందుకే ఒకసారి వచ్చిన పిల్లకి మళ్లీ రావచ్చు. వీటిలో 71 మెదడుకి, గుండెకి ప్రమాదం తెస్తుంది. చైనాలో 2008లో హెచ్ఎఫ్ఎండీని తప్పనిసరిగా రిపోర్ట్ చేసే జబ్బుల్లో చేర్చి లెక్క పెడితే 2012 వరకు సుమారు 72 లక్షల కేసులు, 2,457 మరణాలు తేలాయి, ల్యాబ్‌లో తేల్చిన మరణాల్లో 90 శాతం పైగా ఆ 71 వల్లే. లెక్క ఉంది కాబట్టే ఏ వయసు, ఏ నెల, ఏ రకం అని తెలిసింది, 2015 చివర్లో 71కి టీకా కూడా వచ్చింది (అది ఎ16కి పనిచెయ్యదు).

మన దేశానికీ ఈ జబ్బు కొత్తేం కాదు. 2003లో కేరళ కాలికట్‌లో, 2009లో భువనేశ్వర్‌లో వచ్చింది. 2022లో కేరళలోనే కొల్లంలో 5 ఏళ్ల లోపు 82 మంది పిల్లలకి వస్తే టమాటా ఫ్లూ అని టీవీలన్నీ హోరెత్తించాయి, కేంద్రం కూడా లక్షణాలు కనిపించిన దగ్గర్నుంచి 5 నుంచి 7 రోజులు పిల్లల్ని విడిగా ఉంచమని సలహా ఇచ్చింది, ఆ సలహా మన వీధి చివరి ప్లేస్కూల్ దాకా వచ్చిందా అంటే నాకైతే కనిపించలేదు.

ఇంకొకటి, స్కూళ్లలో గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా పెట్టి అయిపోయిందనుకుంటున్నారు. ఈ వైరస్‌ల మీద ఆల్కహాల్ సరిగ్గా పనిచెయ్యదండీ, సబ్బూ నీళ్లే కావాలి, బొమ్మలు, బల్లలు బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. పొక్కులు మానాక కూడా వారాల తరబడి మలంలో వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది, కాబట్టి డైపర్ మార్చిన ప్రతిసారీ ఆయమ్మ చేతులు కడుక్కోవడం అన్నిటికన్నా ముఖ్యం. అలాగని తగ్గిన పిల్లని నెల రోజులు రానివ్వకపోవడం కూడా అన్యాయమే, జ్వరం పోయి పొక్కులు ఎండితే రానివ్వాలి.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. జ్వరం 3 రోజులు దాటినా, నిద్రలో ఉలిక్కిపడి ఒళ్లు అదిరినా, వాంతులు ఆగకపోయినా, నడక తూలినా, మత్తుగా పడి ఉన్నా, ఆయాసపడినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్లేస్కూల్ అయినా అంగన్‌వాడీ అయినా ఒక కేసు రాగానే పిల్ల పేరు చెప్పకుండా అందరు తల్లిదండ్రులకి, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి అదే రోజు చెప్పాలని కలెక్టర్ గారు ఆర్డర్ ఇవ్వాలి. మీ రిపోర్టర్లు కూడా జిల్లా వైద్యాధికారి గారిని అడగండి, ఈ సీజన్లో ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని శాంపిల్స్ ల్యాబ్‌కి పంపారు, ఏ రకం వైరస్ తేలింది అని. వచ్చిన జవాబు జిల్లా పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక ప్లేస్కూల్ పాప తల్లి, విజయవాడ