పర్లాకిమిడి మన తెలుగు సంఘం వార్షిక నివేదిక: ఇల్లు ఇస్తామన్నారు, ఇంట్లో ఏమీ లేదు

సభ్యులందరికీ నమస్కారం. కిందటి క్రోధి ఉగాది నుంచి మొన్న 2025 మార్చి 30న వచ్చిన విశ్వావసు ఉగాది దాకా సంఘం ఏం చేసిందో చెప్పాల్సిన పని కార్యదర్శిగా నా మీద పడింది. పోయినేడు రిపోర్టు గ్రాంథికంలో రాసి, మీటింగులో నేనే చదువుతూ రెండుచోట్ల నాలుక మడతపడి ఆగిపోయాను. అదీ ఎక్కడ, గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో. ఈసారి మాట్లాడినట్టే రాసేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మామూలు పనులు ముందు గబగబా చెప్పేస్తా. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేశాం, పంతులు గారు 1880లో ఇక్కడ రాజావారి స్కూల్లో చేరిన సంగతి, ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాసిన సంగతి, 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమై ఈ ఊరు అందులో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయిన సంగతి పిల్లలతోనే చెప్పించాం, ఒక పాప సవరలో నాలుగు మాటలు చెప్తే ఒడియా వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఉగాది పంచాంగ శ్రవణం బాగానే జరిగింది, పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది. లైబ్రరీ బీరువాకి చెద పట్టింది, మందు కొట్టించాం, అయినా కింది అర పుస్తకాలు పోయాయి. ఆదివారం తెలుగు క్లాసు నడుస్తోంది, పిల్లలు తగ్గారు. జమాఖర్చుల కాగితం ఆఫీసు గోడకి అంటించాం, చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది మాకు ఎక్కువ పని పెట్టింది మన దగ్గర బీఈడీ చేసి ఫారిన్ స్కూళ్ళకి వెళ్ళిన పిల్లలు. సరిహద్దు ఊళ్ళలో తెలుగు మీడియం పోస్టుల పరిస్థితి మీకు తెలుసు, నేను కొత్తగా చెప్పక్కర్లేదు. గల్ఫులో సీబీఎస్ఈ స్కూళ్ళున్నాయి, మాల్దీవులున్నాయి, వెళ్తున్నారు. ఆఫర్ లెటర్లో జీతం కింద ఒక లైను ఉంటుంది, ఎకామడేషన్ ప్రొవైడెడ్ అని. ఆ ఒక్క లైను చూసి ఇంట్లో అందరూ సంబరపడిపోతారు, అద్దె మిగిలిపోతుంది కదా అని.

మన లెక్కల మాస్టారు ఒకాయన భార్యని, నాలుగేళ్ళ పిల్లని తీసుకుని ఆగస్టులో యూఏఈ వెళ్ళాడు. దిగిన రాత్రే నాకు వాట్సాప్ కాల్. "మాస్టారూ, ఇల్లు ఇచ్చారు గానీ ఇంట్లో ఏటీ లేదండి" అన్నాడు. ఏటీ లేకపోవడమేంటి అంటే వీడియో తిప్పి చూపించాడు. ఏసీ ఉంది. వంటింట్లో అరలున్నాయి, సింకు ఉంది. పొయ్యి లేదు, ఫ్రిజ్ లేదు, మంచం లేదు, కిటికీకి కర్టెన్ లేదు. హాల్లో సీలింగ్ నుంచి రెండు వైర్లు వేలాడుతున్నాయి, వాటికి బల్బు పెట్టుకునే హోల్డర్ కూడా లేదు. ఫోన్ టార్చి వెలుగులో ఆ అమ్మాయి రెండు చీరలు టైల్స్ మీద పరిచి పాపని పడుకోబెడుతోంది. అక్కడ అన్‌ఫర్నిష్డ్ అంటే ఇదే, ఎవరూ మోసం చెయ్యలేదు, కాంట్రాక్టు మూడో పేజీలో ఆ మాట ఉంది, వీళ్ళు చదవలేదు, నిజం చెప్పాలంటే ఇక్కడ సంతకం పెట్టేటప్పుడు పక్కన కూర్చున్న నేనూ చదవలేదు.

వీళ్ళ సూట్‌కేసులు తెరిస్తే పది కిలోల బియ్యం, మూడు రకాల పచ్చళ్ళు, ఇత్తడి కుందులు, అల్యూమినియం కుక్కర్. ఉడికించడానికి మంట లేదు. మర్నాడు ఎదురు ఫ్లాట్‌లో ఉన్న కేరళ టీచరమ్మ జాలిపడి ఇండక్షన్ స్టవ్ ఇచ్చింది, దాని మీద ఈ కుక్కర్ పెడితే పీక్ పీక్ అని ఆగిపోతోందట. ఇండక్షన్ మీద అల్యూమినియం పనిచెయ్యదు, అడుగున ఇనుమో, అయస్కాంతం అంటుకునే స్టీలో ఉండాలి. సంతలో స్టీలు గిన్నె కొనేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళి అడుగుకి ఆనించి చూడండి, అంటుకుంటే తీసుకోండి. నాలుగు రోజులు కుబ్బూస్ రొట్టె, పెరుగు, ఆవకాయ. పాపకి ఆవకాయ పడదు, అది వేరే కథ.

ఫర్నిచర్ అలవెన్సు ఉందిగా అని మీరనొచ్చు. ఉంది, మొదటి జీతంతో కలిపి ఇస్తారట, అంటే దిగిన నెల తర్వాత. పైగా కాంట్రాక్టు మధ్యలో మానేస్తే ఆ డబ్బు వెనక్కి కట్టాలి అని రాసుంది. కొత్త సోఫా సెట్ కొందామని ఆ అమ్మాయి ఆశపడింది గానీ, అది మనది కాదమ్మా, రెండేళ్ళు నిండేదాకా అప్పు కింద లెక్క అని చెప్పాం. ఇద్దరూ బుద్ధిగా, అక్కడి నుంచి వెళ్ళిపోతున్న ఒక టీచర్ల కుటుంబం దగ్గర మంచం, పరుపు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ మొత్తం కలిపి బేరమాడి కొనుక్కున్నారు. అకడమిక్ సంవత్సరం చివర్లో వెళ్ళిపోయేవాళ్ళు సామాను చవగ్గా వదిలించుకుంటారు. స్కూల్ వాట్సాప్ గ్రూపులో ముందే చేరగలిగితే సగం సమస్య ఇక్కడే తీరుతుంది. అందుకే ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి మేం మొదట చెప్పేది, వీసా స్టాంపింగ్ కన్నా ముందు అక్కడ పనిచేసే ఒక టీచర్ నంబర్ సంపాదించండి అని.

ఇదంతా చూస్తుంటే నా రోజులు గుర్తొచ్చాయి. నేను ఇథియోపియాలో యూనివర్సిటీలో పనిచేసినప్పుడు క్యాంపస్‌లో రెండు గదుల ఇల్లిచ్చారు, తాళంచెవి చేతికిచ్చి సంతకం తీసుకున్నారు, తలుపు తీస్తే సిమెంటు నేల, ఒక మూల ఎవరిదో పాత చీపురు. ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి ఆఫీసు వెనక దొరికితే విప్పి దాని మీద పడుకున్నా. ఆ ఊళ్ళు ఎత్తు మీద ఉంటాయి, అడిస్ అబాబా అయితే 2,300 మీటర్లు దాటే ఉంటుంది, నీళ్ళు మన దగ్గరకన్నా తక్కువ వేడికే మరిగిపోతాయి, గిన్నెలో అన్నం ఇక్కడ ఉడికించినంతసేపే ఉడికిస్తే పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తీసుకెళ్ళని నా తెలివితక్కువతనానికి పదిహేను రోజులు పలుకన్నం తిన్నా. మంచం చెయ్యమని ఒక వడ్రంగికి చెప్తే మూడింటికి వస్తానన్నాడు, నేను మధ్యాహ్నం మూడింటికి సెలవు పెట్టి ఇంటి ముందు కాపలా కాశా, రాలేదు. వాళ్ళ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్ళ మూడు అంటే మనకి పొద్దున్న తొమ్మిది, ఆయన పొద్దున్నే వచ్చి తలుపు కొట్టి వెళ్ళిపోయాడట. మంచం ఇంకో వారం లేటు.

మాల్దీవులకి వెళ్ళిన మన సైన్స్ టీచరమ్మ సంగతి కొంచెం నయం. గది షేరింగ్, మంచం బీరువా ఉన్నాయని ముందే ఫొటోలు తెప్పించుకుంది. వాళ్ళమ్మ మాత్రం "ఓలమ్మ, దేవుడి బొమ్మ లేకుండా ఎలాగే" అని వెంకన్న విగ్రహం పెట్టెలో సర్దబోయింది, అక్కడి కస్టమ్స్ పూజకి తెచ్చే విగ్రహాలు లోపలికి రానివ్వదు అని మేం చెప్పి తీయించాం. ఆమెకి కోపం వచ్చింది, నాతో రెండు వారాలు మాట్లాడలేదు. చిన్న ద్వీపంలో పోస్టింగు కాబట్టి బకెట్ కావాలన్నా మాలె నుంచి పడవలో రావాలి, అందుకే ఆ అమ్మాయికి బట్టలారేసే నైలాన్ తాడు, క్లిప్పులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇక్కడి నుంచే పంపాం. యూఏఈ వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట, గసగసాలు పొరపాటున కూడా పెట్టొద్దు, మసాలా పొడిలో కలిపినా పట్టుకుంటారు, అక్కడ అవి మత్తు పదార్థాల కింద లెక్క, జైలు దాకా వెళ్ళిన కేసులున్నాయి. తమలపాకు, కిళ్ళీ కూడా వద్దు.

ఇక సంఘం చేసిన పని. మొదటిది ప్రశ్నల కాగితం. ఆఫర్ వచ్చిన ప్రతివాళ్ళూ సంతకానికి ముందు స్కూలుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవాలి: ఇంట్లో ఏమేం ఉన్నాయి పేరు పేరునా రాసి ఫొటోలు పంపండి, కరెంటు నీళ్ళ డిపాజిట్ ఎవరు కడతారు (దుబాయిలో ఫ్లాట్ కనెక్షన్‌కి 2,000 దిర్హమ్‌లు, విల్లాకి 4,000, చేతిలో డబ్బు లేని వారంలో అది చిన్న మొత్తం కాదు), గ్యాస్ సిలిండర్ ఆ బిల్డింగులో రానిస్తారా లేక కరెంటు పొయ్యేనా, ఫర్నిచర్ డబ్బు ఏ తారీఖున వస్తుంది, మానేస్తే ఎంత వెనక్కివ్వాలి, ఇల్లు వద్దంటే బదులు డబ్బిస్తారా. ఈ చివరి ప్రశ్న మీద కమిటీలో పెద్ద చర్చే నడిచింది. ఇల్లు వదులుకుని డబ్బు తీసుకుంటే మిగులుతుందని ఒకరి వాదన. కానీ అక్కడ ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ జీతం మీదే లెక్క కడతారు, ఇంటి అలవెన్సు అందులోకి రాదు, కాబట్టి జీతం పెద్దగా కనిపించినా చివర్లో చేతికొచ్చేది పెరగదు. కొత్తగా వెళ్ళేవాళ్ళు మొదటి ఏడాది ఇల్లే తీసుకోవాలి, ఖాళీదైనా సరే, ఇది నా అభిప్రాయం, కమిటీ తీర్మానం కాదు.

రెండోది పెట్టె. దీని మీద కూడా గొడవే. మన ఉపాధ్యక్షులు పాతపట్నం వెళ్ళి స్టీలు సామాను మొత్తం కొని కట్టి పంపుదాం అన్నారు. ముప్పై కిలోల లగేజీలో ఇల్లు సర్దలేం కదండీ. మూడు రాత్రులు గడిచే సామాను చాలు, మిగతాది అక్కడే దొరుకుతుంది, అన్నాను. చివరికి నా మాటే నెగ్గింది, అందుకే పెట్టె తయారైంది. అందులో ఉన్నవి: ఊదుకునే పరుపు ఒకటి, రెండు దుప్పట్లు, అడుగు మందంగా ఉండి ఇండక్షన్ మీద పనిచేసే మూడు లీటర్ల స్టీలు కుక్కర్, పోపుల డబ్బా, చాకు, స్క్రూ డ్రైవర్, టెస్టర్, బల్బు హోల్డర్ రెండు, ఇన్సులేషన్ టేపు, ఒక తాళం కప్ప, గల్ఫులో పనికొచ్చే చదరపు మూడు పిన్నుల అడాప్టర్ రెండు. చాకు, స్క్రూ డ్రైవర్ చేతి సంచిలో పెట్టొద్దు, చెకిన్ లగేజీలోనే. సౌదీలో తప్ప అక్కడి కరెంటు కూడా మనలాగే 50 హెర్ట్జ్, వోల్టేజీ దాదాపు ఒకటే, మిక్సీ ఆడుతుంది, ప్లగ్గే తేడా. జపాన్ వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం మిక్సీ ఇంట్లోనే వదిలెయ్యండి, అక్కడ 100 వోల్టులు. పెట్టె ఉచితం, సెలవుల్లో ఊరొచ్చినప్పుడు తిరిగివ్వాలి, అంతే.

మూడోది, ఏజెంట్ల విషయం. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ ఛార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మించి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైటు ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, మన ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే చూపిస్తాం. డిగ్రీ చదివినవాళ్ళకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు కదా అని ఏజెంటుని పట్టించుకోకుండా వదిలేస్తున్నారు, ఆ రెండూ వేరు. ఈ ఏడాది ఒకాయన రెండు లక్షలు ముట్టజెప్పి ఆ తర్వాత మా దగ్గరకొచ్చాడు, రసీదు లేదు. విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టించాం, ఇంకా తేలలేదు.

చెయ్యలేకపోయినవి కూడా రాయాలి. సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కి, అంటే అవి అసలైనవేనని ప్రభుత్వ ముద్ర వేయించుకోవడానికి, ఒక రోజు క్యాంపు పెడదామనుకున్నాం, అవలేదు. డిగ్రీ ఒడిశాలోది, బీఈడీ ఆంధ్రాలోది అయితే రెండు రాష్ట్రాల్లోనూ తిరగాల్సొస్తోంది, సరిహద్దు బతుకు కదా. వచ్చే ఏడాది కమిటీ దీని సంగతి చూడాలి.

లెక్కల మాస్టారు కుటుంబం ఇప్పుడు బాగానే ఉంది. మొన్న వీడియో కాల్‌లో హాలు చూపించారు, ట్యూబులైటు వెలుగుతోంది, కర్టెన్ మాత్రం ఇంకా చీరే.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి, మన ఐదే, ఇథియోపియా ఐదు కాదు. పెట్టె రెండుసార్లు వెళ్ళి వచ్చింది, రెండోసారి వచ్చినప్పుడు టెస్టర్, ఒక అడాప్టర్ లేవు. జూన్‌లో ఒకమ్మాయి ఒమన్ వెళ్తోంది, ఎవరి దగ్గరున్నాయో ఆ లోపు తెచ్చి ఆఫీసులో ఇచ్చెయ్యండి.

ఇట్లు,
కార్యదర్శి