ఫిర్యాదు: కొబ్బరి చెక్క గురించి మీరు ఇవ్వని జవాబు

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

పందుల దాణాకని మీరు పంపిన కొబ్బరి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) బస్తాలు విప్పగానే పాత నూనె కంపు కొట్టాయి. కొన్నిటి అడుగున బూజు కూడా ఉంది. పందులు తొట్టిలో మూతి పెట్టి తీసేశాయి. సరుకు సంగతి ఇంతే. మిగతాదంతా మీ సంగతి.

నేను అడిగినవి రెండే ప్రశ్నలు. ఇది ఎక్స్‌పెల్లర్ మిల్లులో పిండిన చెక్కా, సాల్వెంట్‌తో, అంటే నూనెను కరిగించే రసాయనంతో, నూనె తీసిందా? మిల్లు చెక్కలో నూనె ఎక్కువ మిగిలి తొందరగా పాడవుతుంది కాబట్టి అడిగాను. రెండోది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి పరీక్ష రిపోర్ట్ ఉందా? కొబ్బరి సరిగా ఎండకపోతే బూజు పట్టి ఆ విషం చేరుతుందని దాణా అమ్మేవాళ్ళకు నేను చెప్పాలా?

ఫోన్ ఎత్తిన అమ్మాయి "మీ ఆవులు రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తున్నాయి సార్?" అంది. పందులమ్మా అన్నాను. "ఓకే సార్, ఎన్ని లీటర్లు?" అని మళ్ళీ అడిగింది. పాపం, స్క్రీన్ మీద ఉన్నదే చదివి ఉంటుంది. టెక్నికల్ విభాగంలో ఆయన, ఆకలేస్తే అవే తింటాయన్నాడు. ఇంకొకాయన మరీ ఘనుడు. ఇంకాస్త ఎక్కువ కలపమన్నాడు! ఈ చెక్కలో ప్రొటీన్ 20 శాతం దాకా ఉన్నా ఒళ్ళు పెరగడానికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పీచు ఎక్కువ. సోయా చెక్కో, విడిగా లైసినో తోడు లేకుండా ఇదే పెంచుకుంటూ పోతే ఎదిగే పందికి కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు రాదు. ఈ మాట మీ కరపత్రంలోనే ఉంది. మీవాళ్ళెవరూ చదివినట్టు లేరు.

తర్వాత లాట్ నంబర్ ఫోటో అడిగారు, పంపాను. స్పష్టంగా లేదన్నారు, మళ్ళీ పంపాను. సోమవారం ఫోన్ చేస్తామన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. చివరికి మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

ఏళ్ల తరబడి మీ దగ్గరే కొంటున్నాను. వేరేవాళ్ళు తక్కువకిస్తామన్నా పోలేదు. ఆర్డర్ కోసం రోజూ పలకరించిన మీ సేల్స్ మేనేజర్ ఇప్పుడు నా నంబర్ చూడగానే కట్ చేస్తున్నాడు.

బస్తాలు వెనక్కి తీసుకుంటారో, డబ్బే ఇస్తారో తర్వాత తేల్చుకుందాం. ముందు పందికీ ఆవుకీ తేడా తెలిసిన మనిషి చేత ఫోన్ చేయించండి, ఆ పరీక్ష రిపోర్ట్ దగ్గర పెట్టుకుని. ఈ వారంలో అది జరగకపోతే శాంపిల్ నేనే ల్యాబ్‌కు పంపుతాను. ఫలితం వినియోగదారుల కోర్టుకూ, నాకు తెలిసిన ప్రతి పందుల రైతుకూ చేరుతుంది.

ఇట్లు,
ఇంకా మీ కస్టమర్‌గానే ఉన్న ఒక రైతు