పదహారేళ్ల పిల్లవాడికి శిక్ష

సంపాదకులకు నమస్కారం.

మైనర్ హత్య చేశాడన్న వార్త రాగానే మా బ్రాడీపేట టీ బడ్డీ దగ్గర ‘ఉరి తీయాల్సిందే’ అంటారు. కడుపుకోత చూసినవాళ్ల కోపం నాకు తెలుసు. కానీ 2015 బాలల న్యాయ చట్టం పదహారేళ్లు దాటినవారిని ఊరికే వదలదు. ఘోర నేరమైతే బాలల న్యాయ మండలి ఆ పిల్లవాడి మానసిక సామర్థ్యాన్ని, జరిగిన పరిస్థితులను పరిశీలించి, పెద్దవాళ్లలా విచారించేందుకు బాలల కోర్టుకు పంపవచ్చు. ఉరి, విడుదలకు వీల్లేని యావజ్జీవం మాత్రం వేయకూడదు. అది న్యాయమే.

నా బాధంతా ఆ పరిశీలన గురించే. నాలుగు ప్రశ్నలడిగి సంతకం పెట్టేస్తే బాధిత కుటుంబానికీ అన్యాయమే. మండలిలో పిల్లల మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటివారి సాయం తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. గుంటూరు మండలికి అలాంటి నిపుణులు ఎప్పుడూ అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చూడాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు